90ల అమెరికా హిట్లు: హాట్ 100 చూడాలా, ఎయిర్‌ప్లే చార్టా?

1990ల అమెరికా హిట్ పాటల జాబితా కూర్చుకునేవాళ్లు అమ్మకాలు, రేడియో ప్రసారాలు కలిపి బిల్‌బోర్డ్ పత్రిక వారం వారం వేసే హాట్ 100 జాబితా ఒక్కటే పట్టుకుంటే పెద్ద పెద్ద పాటలే జారిపోతాయి. 1998 డిసెంబరు దాకా అందులోకి ఎక్కాలంటే పాట విడిగా, సింగిల్‌గా దుకాణంలో అమ్మకానికి రావాలి. జనం ఆల్బమ్ మొత్తం కొనాలని కంపెనీలు చాలాసార్లు సింగిల్ విడుదలే ఆపేసేవి. ఫలితం? నో డౌట్ బృందం పాడిన ‘డోంట్ స్పీక్’, రేడియోలో పాట ఎంత మోగిందో లెక్కించే బిల్‌బోర్డ్ ఎయిర్‌ప్లే చార్టులో 16 వారాలు నంబర్ వన్. హాట్ 100లో అసలు పేరే లేదు! గూ గూ డాల్స్ బృందం పాట ‘ఐరిస్’ రేడియోలో 18 వారాలు ఏలింది. రూలు మారాక హాట్ 100లో 9వ స్థానంతో సరిపెట్టుకుంది.

ఎయిర్‌ప్లేకీ ఓ లోటుంది: రేడియో మోతే తప్ప అమ్మకాలు లెక్కలోకి రావు. బాగా అమ్ముడై, రేడియోలు పెద్దగా వేయని ర్యాప్ పాటలకు హాట్ 100 నయం. 1995–98 ఏళ్లకైతే మాత్రం ముందు ఎయిర్‌ప్లే తెరవండి.