రెండు ఖజానాలను పోల్చాలంటే ఏ నివేదిక మేలు?

2025 జనవరిలో నీతి ఆయోగ్ రాష్ట్రాల ఆర్థిక ఆరోగ్య సూచీ విడుదల చేసినప్పటి నుంచి ఆంధ్ర సరిహద్దున ఉన్న ఒడిశా ఊరు పర్లాకిమిడిలో మా వాళ్ళకు వాదించుకోవడానికి మంచి సరుకు దొరికింది. అందులో 18 పెద్ద రాష్ట్రాల్లో ఒడిశా 67.8 మార్కులతో మొదటి స్థానంలో నిలిచింది. ఆంధ్రప్రదేశ్ 20.9తో పదిహేడోది, దాని కింద పంజాబ్ ఒక్కటే. ఇక్కడి తెలుగువాళ్ళలో చాలామందికి చుట్టరికాలు ఆంధ్రలోని పాతపట్నం, టెక్కలి వైపే. "చూశారా బావగారూ, మా రాష్ట్రమే ఫస్టు" అని ఇటువాళ్ళంటే, "ఫస్టయితే మాలాగే నెలకు నాలుగు వేల పింఛను ఇప్పించండి మరి" అని అటు నుంచి జవాబు. ఇద్దరి మాటా నిజమే. అయితే ఒకరు మార్కులు చూస్తున్నారు, ఇంకొకరు ఖర్చు చూస్తున్నారు.

ప్రభుత్వ జమాఖర్చుల మీద ప్రభుత్వ సంస్థలే రాసే నివేదికలు నాలుగైదు ఉన్నాయి. సరిహద్దులో ఉండి రెండు రాష్ట్రాలను పక్కపక్కన చూడాలనుకునేవారికి నా సలహా: రిజర్వు బ్యాంకు అధ్యయనం ముందు, కాగ్ (ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే రాజ్యాంగ సంస్థ) నివేదిక దాని వెంటనే, నీతి ఆయోగ్ సూచీ ఆఖరున.

సూచీని ఆఖరున పెట్టడానికి కారణాలున్నాయి. అది 2022-23 లెక్కల మీద కట్టినది. విడుదలయ్యే నాటికి రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వాలు మారిపోయాయి. కొత్తవాళ్ళు జబ్బలు చరుచుకోవడానికీ, తిట్లు తినడానికీ ఆ మార్కులు పనికిరావు. పైగా ఖర్చు నాణ్యత, రాబడి సమీకరణ, ఆర్థిక క్రమశిక్షణ, అప్పు, అప్పు తీర్చగల శక్తి అనే ఐదింటిని కలిపి ఒకే అంకెగా మార్చేస్తుంది. ఒడిశా సొంత రాబడిలో గనుల వాటా పెద్దది. 2015లో గనుల చట్టాన్ని సవరించి వేలం తప్పనిసరి చేశారు. 2020లో పాత లీజుల గడువు తీరాక జరిగిన వేలాలతో ఆ రాబడి ఇంకా పెరిగింది. ఇనుప ఖనిజం కియోంఝర్, సుందర్‌గఢ్ జిల్లాల్లో ఉంది, మా గజపతి జిల్లాలో కాదు. ఖనిజం ధర పడిపోతే మార్కులు ఏమవుతాయో సూచీ చెప్పదు. జీతాల ఖర్చు తక్కువగా ఉంటే ఇలాంటి లెక్కల్లో అది మంచి గుణం. కానీ ఒడిశాలో ఏళ్ళ తరబడి కాంట్రాక్టు నియామకాలే నడిచాయి, 2022 అక్టోబరులో గానీ ఆ పద్ధతిని రద్దు చేయలేదు. తక్కువ జీతానికి పనిచేసిన పంతుళ్ళ వల్ల ఖజానాకు మిగిలిన సొమ్ము కూడా ఆ మొదటి స్థానంలో ఉందని నా అభిప్రాయం.

సూచీకి వాడిన అంకెలు కాగ్‌వే. అలాంటప్పుడు నేరుగా కాగ్ రాసిన రాష్ట్ర ఆర్థిక స్థితి నివేదికే చదవొచ్చు కదా? చదవాలి. ఖజానా నుంచి నిజంగా వెళ్ళిన సొమ్ము అందులోనే కనిపిస్తుంది. ఉదాహరణకు పీడీ ఖాతాలు, అంటే ఖజానాలోనే ఒక అధికారి పేరిట ఉండే డిపాజిట్ ఖాతాలు. మార్చి నెలాఖరున నిధులు మురిగిపోకుండా ఒక శాఖ సొమ్మును పీడీ ఖాతాకు మళ్ళిస్తుంది. రోడ్డు మీద తట్ట మట్టి పడకపోయినా, పద్దులో అది ఖర్చయినట్టే. ఈ సంగతి బడ్జెట్ ప్రసంగంలో దొరకదు, కాగ్ నివేదికలో దొరుకుతుంది. అందని వినియోగ ధ్రువపత్రాలు (ఇచ్చిన సొమ్ము ఆ పనికే వాడామని రాసిచ్చే పత్రాలు), అవసరం లేకుండా ఏడాది మధ్యలో తీసుకున్న అనుబంధ పద్దులు, ప్రభుత్వ కార్పొరేషన్ల పేరిట తెచ్చి బడ్జెట్ బయట ఉంచిన అప్పులు కూడా అక్కడే బయటపడతాయి. చిక్కల్లా ఆలస్యంతోనే. రాజ్యాంగం 151వ అధికరణం ప్రకారం నివేదిక గవర్నరుకు వెళ్ళి, తర్వాత శాసనసభ ముందుకు రావాలి. ఎన్నాళ్ళలోపు రావాలో ఆ అధికరణంలో లేదు. ఇక భాష సంగతి సరేసరి. వాడుక భాష కోసం గిడుగు రామమూర్తిగారు పోరాడిన ఊళ్ళో ఉండి ఆడిట్ వాక్యాలు చదవడం కాస్త శిక్షే.

కాగ్ ఒక్కో రాష్ట్రానికి విడిగా రాస్తుంది. రిజర్వు బ్యాంకు ఏటా తెచ్చే రాష్ట్రాల బడ్జెట్ల అధ్యయనంలో అన్ని రాష్ట్రాలూ ఒకే పట్టికలో, రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో ఇంత శాతం అన్న కొలతతో ఉంటాయి. వేలు పెట్టి ఒడిశా వరుస, ఆంధ్ర వరుస చూసుకుంటే చాలు. ప్రభుత్వ హామీ మీద సంస్థలు తెచ్చిన అప్పుల పట్టిక కూడా ఉంటుంది. చూడాల్సిన జాగ్రత్త ఒకటే: అక్కడ తుది లెక్కలు, సవరించిన అంచనాలు, బడ్జెట్ అంచనాలు అని మూడు రకాల అంకెలుంటాయి. అంచనా అంటే కోరిక. ఒక రాష్ట్రం అంచనాను ఇంకో రాష్ట్రం తుది లెక్కతో పోల్చి గొడవపడేవాళ్ళను మా వాట్సాప్ గ్రూపులో రోజూ చూస్తున్నాను.

మొత్తాలు చూసి మోసపోకూడదు కూడా. 2025-26కు ఒడిశా 2.90 లక్షల కోట్లు, ఆంధ్రప్రదేశ్ 3.22 లక్షల కోట్ల బడ్జెట్లు పెట్టాయి. ఆంధ్రదే పెద్దదనిపిస్తుంది. 2011 జనాభా లెక్కలతో భాగించి చూడండి: ఒడిశాలో తలకు సుమారు 69 వేలు, ఆంధ్రలో సుమారు 65 వేలు. పాత అప్పుల అసలు తీర్చే సొమ్ము రెండింటిలోనూ కలిసే ఉంది కాబట్టి ఇది మోటు లెక్క మాత్రమే.

ఢిల్లీ పంపే వాటా మీద అనుమానముంటే కేంద్ర పన్నుల్లో ఏ రాష్ట్రానికి ఎంతో సిఫారసు చేసే ఆర్థిక సంఘం నివేదిక తెరవాలి. 15వ సంఘం కేంద్ర పన్నుల్లో రాష్ట్రాలకు పంచే 41 శాతంలో ఒడిశాకు 4.528 శాతం, జనాభా ఎక్కువున్న ఆంధ్రకు 4.047 శాతం ఇచ్చింది. తలసరి ఆదాయం తక్కువున్న రాష్ట్రానికి మొగ్గు చూపే కొలమానానికే 45 శాతం బరువు ఉండటం దీనికి ముఖ్య కారణం.

కేంద్ర ఆర్థిక సర్వే ఈ పనికి అంతగా పనికిరాదు. ముఖ్య ఆర్థిక సలహాదారు రాసేది దేశం కథ; అందులో గజపతి జిల్లావాడికి తన ఖజానా కనిపించదు. బరంపురంలో కోచింగ్ తీసుకుంటూ పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు మాత్రం వరుస తిరగబడుతుంది: వాళ్ళకు సర్వేనే ముందు, దానితో పాటు ఒడిశా ప్రభుత్వం విడిగా తెచ్చే ఆర్థిక సర్వే. అది ప్రభుత్వం తన గురించి తాను రాసుకునేది కనుక, అప్పుల అధ్యాయం వచ్చినప్పుడు కాగ్ నివేదికను పక్కన తెరిచి పెట్టుకోమని మా మేనల్లుడికి చెప్పాను.