అమలాపురం నుంచి డాలస్: టికెట్ మీద కనిపించని గంటలు

విమానాలకి నాలుగు స్టార్లు, టికెట్లు తీసిపెట్టిన ట్రావెల్ ఏజెంటుకి ఒక్కటి. ఎందుకో చెబుతానండి.

మా అమ్మాయి పురిటికి డాలస్ వెళ్లాం, నేనూ మా ఆయనా. రాజమండ్రి విమానాశ్రయం మధురపూడిలో ఎక్కి హైదరాబాద్, అక్కణ్ణుంచి దుబాయ్, ఆపైన డాలస్. చిన్న ఏటీఆర్ విమానంలో గంటంబావు, దుబాయ్‌కి నాలుగు గంటలు, చివరిది పదహారు. వెరసి గాల్లో ఇరవై ఒక్క గంటలు. ఏజెంటు చెప్పింది ఈ లెక్కే. నేల మీద గంటల ఊసే ఎత్తలేదు.

కొత్తపేట, రావులపాలెం మీదుగా జొన్నాడ వంతెన దాటి మధురపూడి చేరడానికే రెండు గంటలు పైన పట్టింది. అసలు కథ శంషాబాద్‌లో. రాజమండ్రి టికెట్ ఒక పీఎన్ఆర్ (బుకింగ్ నంబరు), డాలస్ టికెట్ వేరే పీఎన్ఆర్. అంచేత పెట్టెలు మేమే దింపుకుని, బయటికొచ్చి, మళ్లీ అంతర్జాతీయ కౌంటర్ దగ్గర క్యూ కట్టాలి. మొదటి విమానం ఆలస్యమైతే రెండోది మనకోసం ఆగదు, డబ్బూ రాదు. ఈ ముక్క ముందే చెప్పడానికి ఏజెంటుకి నోరు రాలేదు. ఆ టెన్షన్‌లో మా ఆయనకి బీపీ మాత్ర వేయాల్సొచ్చింది.

"దుబాయ్ మీదుగా ఈ చుట్టుతిరుగుడెందుకు?" అని ఆయన ఒకటే గొణుగుడు. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను, ఊరుకోలేను కదా. గ్లోబు మీద దారం లాగి చూడండి. హైదరాబాద్, డాలస్ భూమికి దాదాపు చెరో వైపు రేఖాంశాల మీద ఉన్నాయి. అందుకే వాటి మధ్య అతి దగ్గరి దారి ఉత్తర ధ్రువానికి చేరువగా పోతుంది, సుమారు 14,400 కిలోమీటర్లు. దుబాయ్ మీదుగా అయితే 2,550, 12,940 కలిపి 15,490. తేడా వెయ్యి పైచిలుకు. విమానానికి అది గంటంబావు పని. టికెట్ కొనేటప్పుడు కిలోమీటర్లు కాదు, మధ్యలో ఆగే గంటలు చూడండి.

టికెట్ మీద వేసే టైములు ఏ ఊరివి ఆ ఊరివే. తెల్లారకముందు దుబాయ్‌లో ఎక్కి ఆ ఉదయమే డాలస్‌లో దిగినట్టు కనిపిస్తుంది. ఎండాకాలంలో రెండిటికీ తొమ్మిది గంటల తేడా మరి. వచ్చేటప్పుడు పైన పడమటి గాలి వెనకనుంచి తోస్తుంది కాబట్టి గంట, గంటన్నర తగ్గింది. హైదరాబాద్‌లో మాత్రం కస్టమ్స్ కోసం పెట్టెలు దింపుకోవాల్సిందే.

విమానంలో మర్యాదకి వంక పెట్టను. ముందే చెప్పుకుంటే శాకాహారం విడిగా, అందరికంటే ముందు తెచ్చిపెట్టారు. పప్పులో ఉప్పు లేదనుకోండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు వీల్‌చైర్ అడగడానికి మొహమాటపడకండి, డబ్బు తీసుకోరు.

ఆవకాయ చెకిన్ పెట్టెలోనే పెట్టాలి, చేతిసంచిలో రానివ్వరు. ఆత్రేయపురం పూతరేకులు చేతిసంచిలో పెట్టుకోవచ్చు, పెట్టెలో పెడితే పొడే మిగులుతుంది. డాలస్‌లో దిగాక తినే వస్తువులున్నాయా అని అడిగితే ఉన్నాయనే చెప్పండి, దాస్తే జరిమానా. కోడి పచ్చడి, మామిడిపళ్లు మాత్రం అల్లుడు ఎంత అడిగినా పట్టుకెళ్లొద్దు.