పాలకొల్లులో స్టాన్లీ: కేకలు ఎక్కువ, మెట్లు తక్కువ

టెనెసీ విలియమ్స్ 1947 నాటి నాటకం ‘ఎ స్ట్రీట్‌కార్ నేమ్డ్ డిజైర్’ని పాలకొల్లులో తెలుగులో ఆడారు. కథ జరిగే ఊరిని అమెరికాలోని న్యూ ఆర్లీన్స్‌గానే ఉంచారు, మంచి పని. మోటు మొగుడు స్టాన్లీ వేషధారిది గట్టి గొంతు, పనివాడి ఒళ్లే. మొదట్లో మాంసం పొట్లం విసరడం, భార్య స్టెల్లా నవ్వుతూ పట్టుకోవడం చక్కగా కుదిరాయి.

చిక్కల్లా రెండో రంగంలో. స్టెల్లా అక్క బ్లాంచ్ పెట్టె కెలికి, అక్కచెల్లెళ్ల పుట్టింటి ఎస్టేటు బెల్ రీవ్ కాగితాలేవని నిలదీసేచోట స్టాన్లీ అరవకూడదు. ఈ లూసియానా రాష్ట్రంలో నెపోలియన్ కోడ్ అనే చట్టం ఉంది, పెళ్లాం సొత్తు మొగుడిది కూడా అని ప్లీడరులా లెక్క చెప్పాలి. అక్కడే కేకలు మొదలెడితే, మూడో రంగంలో తాగి రేడియో కిటికీలోంచి విసిరి, కడుపుతో ఉన్న భార్యని కొట్టేసరికి పెంచడానికి శ్రుతి మిగలదు. అదే జరిగింది. పైగా వేలాడే మైకు కిందే నిలబడటంతో "స్టెల్లా!" అన్న కేక కాస్తా గరగరమంది. రెండడుగులు వెనక్కి జరిగితే పోయేది.

బ్లాంచ్ పుట్టినరోజు రంగం మాత్రం అమోఘం. స్టాన్లీ నేలకేసి కొట్టే కంచం స్టీలుది పెట్టారు. పింగాణీ అయితే పెంకులు నటుల కాళ్లకి గుచ్చుకుంటాయి, ఇది గిర్రున తిరిగి ఆగేదాకా హాల్లో చప్పుడు లేదు. బ్లాంచ్‌ని సొంతూరు లారెల్‌కి తిరిగి పంపేయడానికి బస్సు టికెట్టు చేతిలో పెట్టినప్పుడు గొంతు తగ్గించాడు, అప్పుడు భయమేసింది.

రేడియో విసిరినప్పుడు జనం ఈలలేశారు. వాళ్లనేం అంటాం, హీరో ఎంట్రీలా స్పాట్‌లైటు కొడితే!