డార్క్‌రూమ్‌లో ప్రింటు వేసేటప్పుడు ఎక్స్‌పోజర్ (పేపర్ మీద వెలుగు పడే సమయం) రెండు మూడు సెకన్లకే అయిపోతుంటే ఏది మేలు: కొత్త టైమరా, లెన్సు మూయడమా, ఎన్‌డీ ఫిల్టరా?

ఎన్‌లార్జర్‌తో (నెగెటివ్ బొమ్మను పెద్దది చేసి ఫోటో పేపర్ మీద పడేసే యంత్రం) 35 ఎంఎం నెగెటివ్ నుంచి చిన్న ప్రింట్లు వేసేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. సెకనులో పదో వంతు దాకా సెట్ చేసుకునే డిజిటల్ టైమర్ కొంటే సరిపోతుందా అని.

కొనండి, తప్పేం లేదు. కానీ టైమర్ ఎంత కచ్చితంగా ఉన్నా బల్బు దాని మాట వినాలిగా! టంగ్‌స్టన్, హాలోజన్ బల్బుల ఫిలమెంటు వేడెక్కి పూర్తి వెలుగు ఇవ్వడానికి కాస్త టైం పడుతుంది. ఆపాక కూడా ఒక్క క్షణం ఎర్రగా మిణుకుతుంది. ఇరవై సెకన్లలో ఇది లెక్కలోకి రాదు, రెండు సెకన్లలో వస్తుంది. ఒకే పేపర్ మీద సగానికి ఏకబిగిన 10 సెకన్లు, మిగతా సగానికి రెండేసి సెకన్లు ఐదుసార్లు ఇచ్చి డెవలప్ చేయండి. మామూలుగా రెండో సగం కాస్త తేలిపోయి ఉంటుంది. టెస్ట్ స్ట్రిప్ (టైం తేల్చుకోవడానికి చిన్న చిన్న ఎక్స్‌పోజర్లు వరసగా ఇచ్చిన పేపర్ ముక్క) చూసి వేసిన ప్రింటు నల్లబడటానికి ఒక కారణం ఇదే.

ఎల్‌ఈడీ హెడ్‌కి (హెడ్ అంటే ఎన్‌లార్జర్‌లో దీపం ఉండే పైభాగం) ఈ బాధ లేదు. అయినా నా దృష్టిలో అసలు సమస్య బల్బు కాదు, చేతులు. ముఖాన్ని ఎక్స్‌పోజర్‌లో ఐదో వంతు సేపు డాడ్జ్ చేయాలనుకోండి, అంటే అక్కడ వెలుగు పడకుండా కార్డు అడ్డుపెట్టాలి. 3 సెకన్ల ఎక్స్‌పోజర్‌లో మీకు దొరికేది 0.6 సెకను. ఆ లోపు కార్డు పెట్టి, ఆడించి, తీసేయాలి. అదే 12 సెకన్లయితే 2.4 సెకన్లు చేతిలో ఉంటాయి. ఏ టైమరూ ఈ వ్యవధి ఇవ్వలేదు. వెలుగు తగ్గించాల్సిందే.

ఖర్చు లేని దారి లెన్సు మూయడం, అంటే వెలుగు వచ్చే దాని రంధ్రాన్ని చిన్నది చేయడం (ఎఫ్ నంబరు పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది). ఎఫ్/2.8 లెన్సుని ఎఫ్/5.6కో, ఎఫ్/8కో తెస్తే షార్ప్‌నెస్ కూడా బాగుంటుంది. ఎఫ్/16 దాకా వెళ్తే మాత్రం డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రం గుండా వెలుగు చెదరడం) వల్ల గ్రెయిన్ (ఫిల్మ్ రేణువులు) అంచులు మెత్తబడతాయి. అందుకే నేను ఎఫ్/8 దగ్గర ఆగి, ఆపైన ఎన్‌డీ ఫిల్టర్ (రంగు మార్చకుండా వెలుగు తగ్గించే బూడిద రంగు ఫిల్టర్) వాడతాను. 0.6 ఫిల్టర్ అంటే రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుగు సగమవుతుంది): 3 సెకన్లు 12 అవుతాయి. 0.9 అయితే 24. నెగెటివ్‌కి పైనున్న ఫిల్టర్ డ్రాయర్‌లో పెడితే మామూలు జెల్ షీటు చాలు, చిన్న గీత ఉన్నా ప్రింటులో కనబడదు. లెన్సు కింద పెట్టేదైతే మచ్చ లేకుండా ఉండాలి. కలర్ హెడ్ (రంగు ఫిల్టర్లు లోపలే ఉండే హెడ్) ఉన్నవాళ్లు మూడు రంగుల డయల్స్‌నీ సమానంగా పెంచుకుంటే దాదాపు ఇదే పని జరుగుతుంది.

తక్కువ వాట్ల బల్బు దొరికితే అదీ మంచిదే. డిమ్మర్ వద్దు. టంగ్‌స్టన్ వెలుగు పసుపెక్కి, మల్టీగ్రేడ్ పేపర్‌లో (వెలుగు రంగును బట్టి కాంట్రాస్ట్ మారే పేపర్) కాంట్రాస్ట్ పడిపోతుంది. బల్బు వెలిగించే ఉంచి నల్ల కార్డుతో మూసి తెరిచే పద్ధతి ఇరవై సెకన్ల పైమాటకే పనికొస్తుంది.