బట్టలకు గదా, గోడ బీరువానా?

బరంపురంలో మా ఇల్లు సన్నగా, పొడవుగా ఉంటుంది. బాగుచేయించేటప్పుడు మా ఆవిడ వాకిన్ క్లోజెట్ (లోపలికి నడిచి వెళ్లే బట్టల గది) అంది, నేను వార్డ్‌రోబ్ (గోడ బీరువా) చాలన్నాను.

హ్యాంగర్‌కి తగిలించిన చొక్కా నలగకుండా ఉండాలంటే అర లోతు 2 అడుగులు కావాలి. నడవడానికి ఇంకో 3. అంటే ఒకవైపే అరలున్నా గది వెడల్పు 5 అడుగులు, రెండువైపులా అయితే 7. వార్డ్‌రోబ్‌కి ఆ నడిచే జాగా పడకగదిలోనే దొరుకుతుంది. ఇక్కడ నాదే పైచేయి.

అసలు టెన్షన్ తేమతో. గోపాల్‌పూర్ సముద్రం పక్కనే కదా, వానాకాలంలో గాలి ఆడకపోతే పట్టుచీరలకు బూజు పడుతుంది. కిటికీ లేని వాకిన్ గది పెద్ద ట్రంకుపెట్టె లాంటిదే. కిటికీ పెడితే ఎండ నేరుగా పడి రంగులు వెలుస్తాయి, కర్టెన్ తప్పదు. వార్డ్‌రోబ్‌ని బయటి గోడకు ఆనిస్తే వెనక నుంచి చెమ్మ ఎక్కుతుంది. ఏది కట్టినా ప్లైవుడ్ మీద ఐఎస్ 710 ముద్ర, అంటే తేమను తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ ప్రమాణం గుర్తు, చూసుకోండి. అమ్మ బరంపురం పట్టుచీరలు నూలు గుడ్డలో చుట్టి పెట్టాం, కలరా ఉండలు జరీకి తగలనివ్వం.

ఖర్చా? వాకిన్‌లో అరలకు తలుపులక్కర్లేదు, ఆ మేరకు కలిసొస్తుంది. దుమ్ము తుడవడం మాత్రం రోజూ పనే.

చివరికి 5 అడుగుల గదే కట్టించాం, కిటికీతో. పెళ్లికి బయల్దేరేటప్పుడు ఆవిడ లోపల తలుపేసుకుంటే, నేను బయట చొక్కా కోసం ఎదురుచూస్తున్నాను.