ఆర్‌వీ-7 ఇంజన్ అమరిక కిట్: భాగాలు బాగున్నాయి, పని వరుస చెప్పలేదు

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రానికి చెందిన వ్యాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ రూపొందించిన రెండు సీట్ల ఆర్‌వీ-7 విమానాన్ని సొంతంగా నిర్మించుకుంటూ, 180 హార్స్‌పవర్ లైకమింగ్ ఇంజన్‌ను అమర్చడానికి వేరొక సరఫరాదారు వద్ద ఈ కిట్ కొన్నాను.

భాగాల నాణ్యతకు వంక పెట్టలేను. ఇంధనం, ఆయిల్ గొట్టాలకు మంటను తట్టుకునే తొడుగులు కూడా వేసే ఇచ్చారు. అయితే సూచనలు పని వరుసలో లేవు. ఇంజన్‌ను బిగించాక స్పార్క్ ప్లగ్‌లకు విద్యుత్తు అందించే మ్యాగ్నెటోల వెనక చేయి పట్టడమే కష్టం కనుక, బ్రేక్ ద్రవపు తొట్టి, బ్యాటరీ పెట్టె, కాంటాక్టర్లు (భారీ విద్యుత్ స్విచ్‌లు), వైర్లు దూర్చే రంధ్రాలు మొదలైనవన్నీ ఇంజన్‌కూ కాక్‌పిట్‌కూ మధ్య ఉండే ఫైర్‌వాల్ స్టీలు రేకు ఖాళీగా ఉన్నప్పుడే పూర్తిచేయాలి. ఆ మాట ఎక్కడా రాయకపోవడంతో ఒక్క బ్రాకెట్ కోసం ఇంజన్‌ను మళ్లీ దింపవలసి వచ్చింది, రెండు వారాంతాలు పోయాయి.

ఇంజన్‌ను పట్టి ఉంచే రబ్బరు దిమ్మెలు క్రమంగా కుంగి ఇంజన్ కాస్త కిందికి దిగుతుంది కాబట్టి, కౌలింగ్‌ను (ఇంజన్‌ను కప్పే తొడుగు) అమర్చేటప్పుడు స్పిన్నర్‌ను (ప్రొపెల్లర్ మధ్యలో ఉండే మొనదేలిన మూత) కొద్దిగా ఎత్తులో ఉంచమన్న సూచన మాత్రం ఎంతో విలువైనది. చల్లటి గాలిని సిలిండర్ల మీదుగా మళ్లించే బాఫిల్ రేకులను కౌలింగ్ కుదిరిన తర్వాతే తుదిగా కత్తిరించాలి.

సామగ్రికి ఐదుకు నాలుగున్నర, సూచనలకు రెండు ఇస్తున్నాను.