20 గేజ్, టీఎస్ఎస్, రెడ్ డాట్: టర్కీ వేటలో గురి ఎక్కడ పెట్టాలి?

అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో ఏప్రిల్ మూడో సోమవారం అడవి టర్కీ కోళ్ళ వేట మొదలై మూడు వారాలు నడుస్తుంది. సెయింట్ లూయిస్ నుంచి ఓజార్క్ కొండల్లోకి ఏటా నేను పట్టుకెళ్ళే సరంజామా ఒకటే. మాస్‌బర్గ్ 500 పంప్ షాట్‌గన్, 20 గేజ్ (గేజ్ అంటే తుపాకి గొట్టం లావు కొలత, అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నం). దానికి బాగా బిగువైన టర్కీ చోక్ (గొట్టం కొసన బిగించేది, పెల్లెట్ల గుంపు చెదరకుండా ఇరుకు చేస్తుంది), మూడంగుళాల టీఎస్ఎస్ తూటాలు (టంగ్‌స్టన్ పెల్లెట్లవి), తుపాకి మీద చిన్న రెడ్ డాట్ (అద్దంలో ఎర్ర చుక్క చూపించే గురి పరికరం). ఏళ్ళ తరబడి వాడాక రాస్తున్నాను కాబట్టి ఏది బాగుందో, ఏది విసిగించిందో రెండూ చెప్తాను. అయితే ఈ సామాన్లలో దేన్ని మెచ్చుకోవాలన్నా, దేనికి వంక పెట్టాలన్నా నేను చూసేది ఒక్కటే: తూటాలోంచి వచ్చే సన్న గుండ్లు, అంటే పెల్లెట్లు, పడాల్సిన చోట పడ్డాయా లేదా అని. అందుకే తుపాకి కంటే ముందు పక్షి సంగతి.

"అన్నా, ఎనిమిది పది కిలోల పక్షి ఎదురుగా నిలబడితే ఒంటికి కొట్టకుండా ఆ పిసరంత తలకెందుకు?" అని కొత్తగా వచ్చే మనవాళ్ళు తప్పకుండా అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. అడవి టర్కీ పుంజు రొమ్ము మీద ఈకలు పెంకుటింటి కప్పులా ఒకదాని మీద ఒకటి పరుచుకుని ఉంటాయి. వాటి కింద మందమైన రొమ్ము కండ, ఆ తర్వాత ఎముక. గుండె, ఊపిరితిత్తులు ఇంత లోపల ఉంటాయి. షాట్‌గన్ నుంచి వచ్చే సన్న పెల్లెట్లలో చాలా భాగం ఆ కండలోనే ఆగిపోతాయి. పక్షి పడదు. పరుగెడుతుంది, లేదా ఎగిరి లోయ దాటిపోతుంది, ఎక్కడో పొదలో రోజంతా నరకయాతన పడి చస్తుంది. మనకు దొరకదు. ఒకవేళ దొరికినా పెల్లెట్లతో పాటు ఈకలు కూడా మాంసంలోకి దూరిపోయి ఉంటాయి, రొమ్ము ముక్కలో సగం పారేయాల్సిందే.

తల, మెడ సంగతి వేరు. అక్కడ ఈకలు దాదాపు లేవు, కండ తక్కువ. పలచటి చర్మం కింద మెదడు, దాన్నుంచి కిందికి మెడ ఎముకల్లో నడిచే వెన్నుపాము. వాటికి నాలుగైదు పెల్లెట్లు తగిలితే చాలు, పక్షి నిలబడ్డ చోటే కూలిపోతుంది. కాసేపు రెక్కలు కొట్టుకుంటుంది గానీ ప్రాణం అప్పటికే పోయుంటుంది. పక్షికి బాధ తక్కువ, మాంసం శుభ్రం. నాకు ఈ వేటలో ఇంతకు మించిన నియమం లేదు.

మరి గురి తల మధ్యలో పెట్టాలా? వద్దు. టర్కీ తల ఒక్క క్షణం కుదురుగా ఉండదు. ముందుకీ వెనక్కీ ఊగుతుంది, గింజ కోసం వంగుతుంది, చప్పుడైతే తిరుగుతుంది. మెడ మొదలు మాత్రం అంతగా కదలదు. ఎర్రటి బోడి చర్మం ముగిసి ఈకలు మొదలయ్యే గీత ఒకటుంటుంది, చర్మం ముడతలు పడి కండ బుడిపెలు వేలాడే చోటుకి కాస్త కింద. నేను రెడ్ డాట్ చుక్క అక్కడ పెడతాను. పెల్లెట్ల గుంపు దానికి పైనా కిందా విచ్చుకుంటుంది కాబట్టి పై సగం మెడనీ తలనీ మొత్తం కప్పేస్తుంది. ఆఖరి క్షణంలో తల కాస్త ఊగినా మెడ ఎముక దొరుకుతుంది. తల నడిమికి గురిపెడితే గుంపులో సగం నెత్తి మీదుగా చెట్లలోకి పోతుంది.

చోటు తెలిస్తే సరిపోదు, అదను కూడా కావాలి. పురి విప్పి తిరిగే పుంజుని చూస్తే చెయ్యి ఆగదు. తోక విసనకర్రలా విచ్చుకుని, రెక్కల కొసలు నేలకు రాస్తూ, తల మీద ఎరుపు, తెలుపు, నీలం రంగులు మారుతూ వస్తుంది. కానీ పురి విప్పినప్పుడు అది మెడను మడిచి, తలను భుజాల్లోకి లాక్కుంటుంది. మనకు కావాల్సిన మెడంతా ఈకల వెనక్కి పోతుంది. అప్పుడు కాల్చితే పెల్లెట్లు రొమ్ముకే తగులుతాయి. ఆగాలి. నోట్లో ఉన్న కాల్‌తో (టర్కీ కూతను అనుకరించే చిన్న సాధనం) ఒక్కసారి గట్టిగా "టక్" మనిపిస్తే చాలాసార్లు అది పురి ముడిచి మెడ నిటారుగా ఎత్తి చూస్తుంది. ఆ రెండు మూడు సెకన్లే మన అదను. తుపాకి అప్పటికే మోకాలి మీద ఆని, చుక్క సిద్ధంగా ఉండాలి. మెడ ఎత్తాక తుపాకి ఎత్తితే అది మన కదలికను పట్టేస్తుంది, టర్కీ కన్ను అంత చురుకు. ఒక్కోసారి మెడ ఎత్తకుండానే మళ్ళీ పెట్ట వెనకే పోతుంది. పోనివ్వాలి.

ఇక తూటా. టీఎస్ఎస్ అంటే టంగ్‌స్టన్ మిశ్రమంతో చేసిన పెల్లెట్లు. ఘన సెంటీమీటరుకి ఉక్కు 7.8 గ్రాములు, సీసం 11.3, ఇది 18 దాకా తూగుతుంది. అంత బరువు కాబట్టి పెల్లెట్ చాలా చిన్నదైనా దూరం వెళ్ళి లోతుగా దిగుతుంది. సీసమైతే టర్కీకి 4, 5, 6 నంబర్లు వాడేవాళ్ళు (నంబరు పెరిగేకొద్దీ పెల్లెట్ చిన్నది; మిస్సోరీలో 4 కంటే పెద్దది వాడకూడదు). టీఎస్ఎస్‌లో 9వ నంబరు సరిపోతుంది. 20 గేజ్ మూడంగుళాల తూటాలో 5వ నంబరు సీసం 220 పెల్లెట్ల దాకా పడితే, ఔన్సున్నర 9వ నంబరు టీఎస్ఎస్‌లో 500 దాటి ఉంటాయి. మెడ లాంటి సన్నటి గురి మీద ఈ లెక్క చాలా పెద్ద తేడా చూపిస్తుంది. ఒకప్పుడు టర్కీకి 12 గేజ్ తప్ప పనికిరాదనేవాళ్ళు. ఇప్పుడు 20 గేజ్ తేలిక తుపాకి భుజాన వేసుకుని కొండలెక్కొచ్చు. కాల్చినప్పుడు భుజానికి తగిలే తన్నుడు మాత్రం తక్కువేమీ కాదు. తేలిక తుపాకిలో బరువు తూటా కదా, చెప్పి మరీ తంతుంది.

పేపరు మీద పరీక్షించకుండా ఏ చోక్‌నీ నమ్మొద్దు. పాత లెక్క ఏమిటంటే, 40 గజాల దూరంలో పెట్టిన కాగితం మీద పదంగుళాల వృత్తంలో వంద పెల్లెట్లు పడాలి. నా తుపాకి, ఈ చోక్, ఈ తూటా కలిస్తే రెండొందలు దాటి పడతాయి. కానీ ఆ అంకె కంటే నేను ముందు చూసేది గుంపు నడిమి ఎక్కడుందన్నది. నాది మొదట్లో కుడికి జరిగి, పైకి కొట్టేది. గొట్టం కొసన గురి చూసే పూస ఒక్కటే ఉన్న తుపాకితో దాన్ని సరిచేయడం కష్టం. చెంప బట్‌కి సరిగ్గా ఆనించకుండా తల కాస్త ఎత్తితే చాలు, గుంపు పక్షి నెత్తి మీదుగా పోతుంది. చెట్టుకి వీపు ఆనించి వంకరగా కూర్చుని కాల్చే వేటలో చెంప ప్రతిసారీ ఒకే చోట ఆనదు. రెడ్ డాట్ అందుకే పెట్టించాను. చుక్క ఎక్కడుంటే గుంపు అక్కడే, చెంప అటూ ఇటూ అయినా పెద్ద తేడా రాదు. ఈ మొత్తం సామానులో పెట్టిన డబ్బుకి నూటికి నూరుపాళ్ళు ఫలితమిచ్చింది ఇదే. ఒక్క ఫిర్యాదు ఉంది: దాన్ని బిగించే మౌంట్ మరలు తన్నుడికి మెల్లగా వదులైపోతాయి. మరలకు జిగురు పూసి బిగించి, ప్రతి సీజన్ ముందూ మళ్ళీ కాగితం మీద చూసుకోవాలి. చోక్ కూడా అంతే, వేటకి బయల్దేరే ముందు చేత్తో బిగువు చూడాలి.

ఖరీదైన తూటాలను గురి సరిచేయడానికి తగలెయ్యక్కర్లేదు. ముందు చవక సీసపు తూటాలతో దగ్గరి దూరంలో చుక్కను దారికి తెచ్చుకుని, చివర్లో మాత్రం అసలు తూటాతో చూస్తే చాలు. టీఎస్ఎస్ ఒక్కో తూటా పది డాలర్ల పైమాటే మరి. అమెరికాలో అమ్మే పొడవు తుపాకులు, తూటాల మీద తయారీదారు ధరకి 11 శాతం ఎక్సైజ్ పన్ను ఉంటుంది. 1937 నాటి పిట్‌మన్–రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం ఆ డబ్బు రాష్ట్రాల వన్యప్రాణి శాఖలకు వెళ్తుంది. మిస్సోరీలో దాదాపు తుడిచిపెట్టుకుపోయిన టర్కీలను ఉన్న చోట పట్టి లేని అడవుల్లో వదిలి పెంచారు. 1960లో గానీ వేట మళ్ళీ తెరవలేదు. తూటా ధర చూసి గుండె గుభేల్మన్నప్పుడు నేను ఇది గుర్తుచేసుకుంటాను.

టీఎస్ఎస్‌లో నాకు నచ్చనివి రెండున్నాయి, రెండూ దూరానికి సంబంధించినవే. మొదటిది, మరీ దగ్గర. పది గజాల్లో ఈ చోక్ నుంచి గుంపు పిడికిలంతే ఉంటుంది. పక్షి కాళ్ళ ముందుకి వచ్చేసింది కదా, ఎలా తప్పుతుందిలే అనుకుంటాం. నిజానికి తప్పడానికి అదే వీలైన దూరం. అక్కడ రైఫిల్‌తో కాల్చినంత జాగ్రత్తగా చుక్క పెట్టాలి. కుదిరితే 25, 30 గజాల్లో ఉండగానే పని ముగించడం మేలు.

రెండోది, మరీ దూరం. ఇది 60 గజాల్లో కూడా పడేస్తుందని చెప్పేవాళ్ళకి లోటు లేదు. కాగితం మీద పడేస్తుందేమో. అడవిలో అంత దూరాన మధ్యలో కొమ్మలుంటాయి, మనం వేసిన దూరం అంచనా తప్పుతుంది, పక్షి ఒక అడుగు వేస్తుంది, గుంపు అంచు పెల్లెట్లు ఒంటికి తగులుతాయి. పక్షులు గాయపడి తప్పించుకుపోయేది ఎక్కువగా ఇక్కడే. నా హద్దు 40 గజాలు. కూర్చోగానే రేంజ్‌ఫైండర్‌తో (దూరం కొలిచే పరికరం) చుట్టూ నాలుగు చెట్ల దూరం చూసి పెట్టుకుంటాను. ఆ చెట్లు దాటి ఇవతలికి వస్తేనే సేఫ్టీ (తుపాకి పేలకుండా ఆపే మీట) తీస్తాను. ఈ తుపాకి సేఫ్టీ పైన బొటనవేలి కిందే ఉండటం వల్ల చెయ్యి కదపకుండా తియ్యొచ్చు, ఎడమచేతి వాటం వాళ్ళకీ ఇబ్బంది లేదు.

పుంజు వెనక ఏముందో చూడకుండా కాల్చకూడదు. ఏప్రిల్‌లో రెండు మూడు పుంజులు కలిసి తిరుగుతాయి. ఒకదాని మెడకి కొట్టిన గుంపు వెనక నిలబడ్డ ఇంకోదానికీ తగులుతుంది. విడిపోయేదాకా ఆగాలి. మనుషుల విషయంలో ఇంకా జాగ్రత్త: ఎరుపు, తెలుపు, నీలం గుడ్డ ముక్క కూడా ఒంటి మీద కనపడకూడదు, జేబురుమాలుతో సహా. అవి పుంజు తల రంగులు. కూత వినపడితే దాని మీదికి పాకుతూ పోకూడదు, ఆ కూత ఇంకో వేటగాడిది కావొచ్చు.

మనవాళ్ళు ఎక్కువగా అడిగేది చట్టం గురించి. హెచ్1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకి గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. ఇక్కడి రాష్ట్రం ఇచ్చిన, చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే దానికి మినహాయింపు ఉంది. మిస్సోరీలో 1967 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తిచెయ్యాలి. ఇండియాలో వేటను నిషేధించే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది కాబట్టి అక్కడి పాఠకులు దీన్ని ఇక్కడి సంగతిగానే చదువుకోవాలి.

కాల్చాక వెంటనే లేచి, తుపాకి సిద్ధంగా ఉంచుకునే దగ్గరికి వెళ్ళాలి. తల లేస్తే రెండో తూటా మెడకే. రెక్కలు కొట్టుకుంటున్న పుంజు కాళ్ళు వట్టి చేతులతో పట్టుకోవద్దు, ముదురు పుంజు కాలి ముల్లు అంగుళం పైన ఉంటుంది, చెయ్యి చీరేస్తుంది. పర్మిట్ మీద గుర్తు పెట్టి, అదే రోజు రాత్రి పదిలోపు టెలీచెక్‌లో (వేటాడిన పక్షిని రాష్ట్రానికి తెలిపే పద్ధతి) నమోదు చెయ్యాలి.

ఇంటికొచ్చాక రొమ్ము ముక్కను వెలుతురుకి పట్టి, వేళ్ళతో నొక్కుతూ చూస్తాను. మెడకి సరిగ్గా పడినప్పుడు మెడ కిందిభాగంలో, రొమ్ము పైకొసన ఒకటో రెండో పెల్లెట్లు కనపడతాయి, మిగతాదంతా శుభ్రంగా ఉంటుంది. ఆ ఒకటి రెండు కూడా తీసేయాల్సిందే, టంగ్‌స్టన్ పంటి కింద పడితే పన్ను విరుగుతుంది గానీ అది నలగదు. రొమ్ముని సన్నగా తరిగి పచ్చడి పెడతాం. తొడలు గట్టి, కుక్కర్‌లో కోడికంటే రెండింతల విజిల్స్ పడతాయి.

మొదటిసారి కొనేవాళ్ళు బడ్జెట్ తక్కువైతే టీఎస్ఎస్ వదిలేసి రెడ్ డాట్ కొనుక్కోండి. 30 గజాల లోపల మంచి సీసపు తూటాతో మెడకి కొట్టిన పుంజు కూడా అక్కడికక్కడే పడుతుంది.